మూడు నిమిషాల పాట: యూరోవిజన్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా పాటల పోటీల మీదే ఉన్నాయి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి దాచి, ఇవన్నీ ఒకేచోట పెడుతున్నాం.

మా అమ్మాయి ఇక్కడే బీటెక్ చదువుతోంది. మే నెలలో ఒక శనివారం రాత్రి పన్నెండున్నరకి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తెల్లవారుజాము దాకా ఏదో పాటల పోటీ చూసింది, పాయింట్లు చెప్తుంటే ఒకటే అరుపులు. యూరోవిజన్ అంటుంది. దేశాలు పాటలు పాడి ఒకదానికొకటి మార్కులు వేసుకోవడం ఏమిటి? ఇది నిజంగా సంగీతమేనా?
(ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ)

సంగీతమేనమ్మా. బాలమురళీకృష్ణ గారి పేటలో ఉండి అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానో ఊళ్లో ఏడు దేశాలతో మొదలైంది ఈ పోటీ. మనకి దూరదర్శన్, ఆకాశవాణి ఎలాగో, అలాంటి ప్రభుత్వ ప్రసార సంస్థలన్నీ యూరప్‌లో కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి, యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ అని. ఒకే కార్యక్రమాన్ని ఒకే సమయంలో అన్ని దేశాల్లోనూ లైవ్‌గా చూపించగలమా అని అప్పట్లో వాళ్లకి ఒక పట్టుదల. ఇటలీలో అప్పటికే సాన్‌రెమో అనే పాటల పండుగ జరుగుతోంది, దాన్ని చూసి ఇది రూపొందించారు. మొదటి ఏడాది స్విట్జర్లాండ్ గాయని లిస్ అస్సియా గెలిచింది. అప్పటి నుంచి ప్రతి ఏటా జరుగుతూనే ఉంది, కరోనా వల్ల 2020లో ఒక్కసారే ఆగింది. ఫైనల్ అక్కడ రాత్రి తొమ్మిదికి మొదలైతే మనకి పన్నెండున్నర, దాదాపు నాలుగు గంటలు సాగుతుంది. అదీ మీ అమ్మాయి జాగారానికి కారణం.

ఒక్కో దేశం ఒక్కో పాట పంపుతుంది. పాట మూడు నిమిషాలు దాటకూడదు, స్టేజీ మీద ఆరుగురికి మించి ఉండకూడదు, ప్రధాన గాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. వాద్యాలు మాత్రం రికార్డు చేసినవే. 1998 దాకా ఆర్కెస్ట్రా ఉండేది, తర్వాత తీసేశారు. నాకు ఇది నచ్చదు. గిటార్ పట్టుకున్న కుర్రాడు వాయిస్తున్నట్టు నటించాల్సి రావడం ఏ వాద్యకారుడికైనా కష్టంగానే ఉంటుంది.

ఇక మార్కుల సంగతి. ఫైనల్లో ప్రతి దేశం నుంచి సంగీతం తెలిసిన న్యాయనిర్ణేతల బృందం ఒక జాబితా ఇస్తుంది, ఆ దేశం ప్రేక్షకుల ఓట్లతో ఇంకో జాబితా వస్తుంది. రెండిట్లోనూ మొదటి పాటకి 12, రెండోదానికి 10, తర్వాత 8 నుంచి 1 దాకా. సొంత దేశానికి ఎవరూ వేసుకోకూడదు. ఈ రెండు జాబితాలు ఒక్కోసారి పూర్తిగా విడిపోతాయి, అప్పుడే అరుపులు. 2023లో లివర్‌పూల్‌లో ఫిన్లాండ్ గాయకుడు క్యారియా జనం ఓట్లలో 376 పాయింట్లతో అందరికంటే ముందున్నాడు, కానీ జ్యూరీలు స్వీడన్ గాయని లొరీన్‌కి 340 ఇచ్చేశాయి. మొత్తం కలిపితే లొరీన్‌కి 583, క్యారియాకి 526. హాలంతా క్యారియా పేరే కేకలు వేస్తుంటే కప్పు మాత్రం లొరీన్ చేతికి వెళ్లింది. ఏది న్యాయం అంటారా? నా మట్టుకు రెండు జాబితాలూ ఉండాలి. జనం చెవి ఒకటి వింటుంది, శ్రుతి పట్టుకునే చెవి ఇంకొకటి వింటుంది.

ఈసారి అమ్మాయి పక్కన మీరు కూడా ఒక గంట కూర్చోండి. భాష ఒక్కటీ అర్థం కాకపోయినా ఎవరు మనసు పెట్టి పాడుతున్నారో మీకే తెలిసిపోతుంది.

మేం నలుగురం, డిగ్రీ పిల్లలం, బ్యాండ్ పెట్టుకున్నాం. కాలేజీ ఫెస్టుల్లో, వినాయక చవితి పందిళ్లలో, ఒకటి రెండు రిసెప్షన్లలో వాయించాం. సొంత పాటలు మూడు ఉన్నాయి, తెలుగులో. మాలో ఒకడు ఇక మీదట ఇంగ్లిష్‌లోనే చెయ్యాలంటున్నాడు, ప్రపంచ స్థాయి పోటీల్లో ఇంగ్లిష్ పాటలే గెలుస్తాయట, స్టేజీ మీద మంటలు, లైట్లు లేకపోతే ఎవరూ చూడరట. దీని మీద మాలో మాకు పెద్ద గొడవైంది. మీరేమంటారు?
(బ్రాడీపేట, గుంటూరు)

తమ్ముళ్లూ, మీ ఫ్రెండు లెక్క తప్పని అనను. ఒకప్పుడు యూరోవిజన్‌లో ఎవరి భాషలో వాళ్లే పాడాలన్న నిబంధన ఉండేది, 1999లో దాన్ని ఎత్తేశారు. అప్పటి నుంచి గెలిచిన పాటల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌వే. అంతవరకు నిజం. కానీ ఆ పోటీ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న పాట ఏ భాషలో ఉందో అతన్ని అడగండి. పోర్చుగీసులో ఉంది.

2017 మే 13, కీవ్ నగరం. పోర్చుగల్ 1964 నుంచి ఈ పోటీకి వస్తున్నా ఒక్కసారి కూడా గెలవలేదు, ఆరో స్థానం దాటిందే లేదు. ఆ ఏడాది వాళ్లు పంపింది సాల్వదోర్ సొబ్రాల్ అనే కుర్రాడిని. అతనికి తీవ్రమైన గుండె జబ్బు. ఎక్కువ రోజులు కీవ్‌లో ఉండే పరిస్థితి లేకపోతే మొదటి రిహార్సల్స్‌లో అతని బదులు అక్క లూయిజా నిలబడి పాడింది. ఆ పాట రాసిందీ, బాణీ కట్టిందీ ఆవిడే. పాట పేరు ‘అమార్ పెలోస్ దోయిష్’. నీ మనసుకి ప్రేమించే ఓపిక లేకపోతే ఇద్దరి తరఫునా నేనే ప్రేమిస్తాలే అని చెప్పే పాట, పాత కాలపు జాజ్ పద్ధతిలో, మెల్లగా సాగేది.

మిగతావాళ్లంతా పెద్ద వేదికని డాన్సర్లతో, తెరలతో, మంటలతో నింపేస్తుంటే ఇతను జనం మధ్యలో ఉన్న చిన్న గుండ్రటి వేదిక మీద ఒక్కడే నిలబడ్డాడు. వదులు కోటు, నలిగిన జుట్టు, చేతులు ఏవో స్వరాలు వెతుక్కుంటున్నట్టు గాల్లో ఆడుతూనే ఉన్నాయి. ఆ వీడియో చూడండి, రెండో సగంలో అతను గొంతు తగ్గించే చోట వేలమంది ఉన్న హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందో గమనించండి. జ్యూరీలు 382 వేశాయి, జనం 376 వేశారు, రెండింట్లోనూ మొదటి స్థానం. మొత్తం 758. రెండో స్థానం వచ్చిన బల్గేరియాకి 615. కప్పు అందుకుని, సంగీతం అంటే బాణసంచా కాదు, అనుభూతి అన్నాడు, ఆ వెంటనే అక్కని వేదిక మీదకి పిలిచి ఇద్దరూ కలిసి అదే పాట మళ్లీ పాడారు. అదే ఏడాది డిసెంబరులో అతనికి గుండె మార్పిడి జరిగింది. 2018 మేలో లిస్బన్‌లో జరిగిన ఫైనల్‌కి వచ్చి మళ్లీ పాడాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు పట్టేస్తుంది.

మంటలు, లైట్లు తప్పనడం లేదు నేను. 2006లో ఫిన్లాండ్‌కి మొదటి కప్పు తెచ్చిన లోర్డి బ్యాండ్ రాక్షసుల వేషాలు వేసుకుని, నిప్పులు కురిపిస్తూ హార్డ్ రాక్ పాడింది, 292 పాయింట్లు. అది వాళ్ల స్వభావం, ఏళ్ల తరబడి అలాగే ఉన్నారు, ఆ ఒక్క రాత్రి కోసం తెచ్చిపెట్టుకున్నది కాదు. మీ స్వభావం ఏమిటో మీ ఫ్రెండుని అడగండి, అతని జవాబు మంటలే అయితే మంటలే పెట్టుకోండి.

మీ నలుగురికీ ఇంకా దగ్గరి ఉదాహరణ 2021లో గెలిచిన మోనెస్కిన్. రోమ్‌లో బడి రోజుల్లో కలిసిన పిల్లలు, వాళ్లూ నలుగురే, వీధుల్లో నిలబడి వాయించేవాళ్లు. ఇటాలియన్‌లోనే పాడి 524 పాయింట్లతో రాటర్‌డ్యామ్‌లో కప్పు కొట్టారు, జ్యూరీలు వాళ్లని నాలుగో స్థానంలో పెట్టినా జనం ఓట్లు పైకి లేపాయి. వాళ్ల పాటలో మాటలు గబగబా పరిగెడుతూ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, అది ఆ భాష నోట్లో పుట్టినవాళ్లకే వస్తుంది. మీ తెలుగు పాటల్లో కూడా గుంటూరు యాస ఉందా? ఉంటే దాచుకోకండి. బయటి ఊళ్లో ఎవరూ తీసుకురాలేనిది మీ దగ్గర ఉన్నది అదే.

ఒక పని మాత్రం తప్పకుండా చెయ్యండి. మీ మూడు పాటల్లో ఒకదాన్ని మూడు నిమిషాలకి కోయండి. మనకి పల్లవి, మధ్యలో బిట్, చరణం, మళ్లీ బిట్, ఇంకో చరణం అని అయిదు నిమిషాలు నడపడం అలవాటు. పల్లవి, ఒక్క చరణం, చివర్లో పల్లవి ఇంకో ఎత్తులో. అంతే ఉంచితే ఏ లైను బరువు మొయ్యడం లేదో మీకే కనపడుతుంది. ఆ కోసిన పాటని ఈ చవితికి పందిట్లో పాడి చూడండి, ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్లు ఎక్కడ కబుర్లు మొదలుపెట్టారో గుర్తుపెట్టుకోండి.

ఇదంతా రాజకీయం కాదా అండీ? పక్క దేశాలు ఒకదానికొకటి వేసుకుంటాయని, యుద్ధం వచ్చిందని ఉక్రెయిన్‌ని గెలిపించారని విన్నాను.
(రిటైర్డ్ ఉద్యోగి, లక్ష్మీపురం, గుంటూరు)

కొంత నిజమేనండీ. గ్రీస్, సైప్రస్ ఒకదానికొకటి 12 వేసుకోవడం ఆ పోటీ చూసేవాళ్లందరికీ తెలిసిందే, భాష ఒకటే, వినే గాయకులూ ఒకరే. మన టీవీ పోటీల్లో మన జిల్లా పిల్ల అని ఓట్లు వెయ్యలేదా మనం?

2022లో టూరిన్‌లో ఉక్రెయిన్‌కి చెందిన కలుష్ ఆర్కెస్ట్రా 631 పాయింట్లతో గెలిచింది, అందులో 439 జనం వేసినవే. జ్యూరీల లెక్కలో అది నాలుగో స్థానమే, వాళ్ల మొదటి ఎంపిక బ్రిటన్. కాబట్టి సానుభూతి ఉందన్నది స్పష్టం. అయితే ఆ పాట యుద్ధానికి ముందే అమ్మ కోసం రాసింది, ర్యాప్ మధ్యలో పల్లెటూరి పిల్లనగ్రోవి వస్తుంది, చాలా మంచి పాట. యుద్ధం మొదలయ్యాక అక్కడి జనం ఆ అమ్మలో తమ దేశాన్ని చూసుకున్నారు. పాటకి అలా ఇంకో అర్థం రావడం కొత్తేమీ కాదు, మన స్వాతంత్ర్యోద్యమం పాటలు మీకు నాకంటే బాగా తెలుసు. యుద్ధం వల్ల తర్వాతి ఏడాది పోటీని వాళ్ల దేశంలో జరపలేక, వాళ్ల తరఫున బ్రిటన్ జరిపింది.

స్వీడన్ పాప్ బృందం ‘అబ్బా’ క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నవాణ్ణి. వాళ్లు ఈ పోటీ నుంచే వచ్చారా?
(వన్‌టౌన్, విజయవాడ)

అవునండీ. 1974 ఏప్రిల్ 6, ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఊళ్లో, స్వీడన్ తరఫున ‘వాటర్లూ’ పాట పాడి గెలిచారు. ఆ రాత్రి బ్రిటన్ జ్యూరీ వాళ్లకి ఒక్క పాయింటు కూడా వెయ్యలేదు, కొద్ది వారాల్లోనే అదే బ్రిటన్‌లో ఆ పాట నంబర్ వన్ అయింది. 1988లో గెలిచిన సెలిన్ డియాన్ కూడా ఇక్కడి నుంచే, కెనడా అమ్మాయి అయినా స్విట్జర్లాండ్ తరఫున పాడి ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచింది.

మా పాప తొమ్మిదో తరగతి. ఆరేళ్లుగా సంగీతం నేర్చుకుంటోంది. ఒక టీవీ పోటీకి ఆడిషన్‌కి వెళ్తే రెండో రౌండులోనే పంపించేశారు, గొంతు చిన్నదన్నారట. అప్పటి నుంచి సాధన మానేసింది, పాట పేరెత్తితే టెన్షన్ పడుతోంది. ఏం చెయ్యాలి?
(పటమట, విజయవాడ)

అమ్మా, పైన చెప్పిన ముగ్గురి సంగతే మీ పాపకి చెప్పండి. సాల్వదోర్ సొబ్రాల్ సుమారు ఇరవై ఏళ్ల వయసులో పోర్చుగల్‌లో ఇలాంటి టీవీ పోటీకే వెళ్లాడు, గెలవలేదు. లొరీన్ 2004లో స్వీడన్ టీవీ పోటీలో నాలుగో స్థానంతో బయటికొచ్చింది. 2011లో తమ దేశం యూరోవిజన్‌కి పాట ఎంచుకునే పోటీలో ఫైనల్ దాకా కూడా వెళ్లలేదు, మరుసటి ఏడాది అదే పోటీ గెలిచి, బాకూ వెళ్లి యూరోవిజనే గెలుచుకుంది. ఈ కప్పు రెండుసార్లు అందుకున్న మహిళ ఇప్పటికి ఆవిడ ఒక్కతే. మోనెస్కిన్ కూడా ఇటలీ టీవీ పోటీలో రెండో స్థానమే.

గొంతు చిన్నదన్న మాట నన్ను బాధపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్ల గొంతు ఇంకా మారుతూనే ఉంటుంది, ఆ వయసులో అలా తీర్పు చెప్పకూడదు. టీవీ పోటీల్లో పై స్థాయిలో గట్టిగా ఎత్తుకునే పాటలకే చప్పట్లు పడతాయి, అందరి గొంతూ దానికి పనికిరాదు, పనికిరానక్కర్లేదు కూడా. ఆమె గురువు గారితో మాట్లాడి కొన్నాళ్లు మధ్య స్థాయిలో, ఆమెకి ఇష్టమైన లలిత గీతాలు చెప్పించండి. ఇంట్లో పోటీ ఊసే తీసుకురాకండి, చుట్టాలొచ్చినప్పుడు పాడమని ముందుకు తొయ్యకండి. తనే హమ్ చేసుకుంటుంటే విననట్టే ఉండండి. రెండు మూడు నెలలు పోయాక కూడా పాట అంటే భయపడుతుంటే అప్పుడు ఒక కౌన్సెలర్‌కి చూపించడంలో తప్పు లేదు.

మనం ఇండియా నుంచి ఓటెయ్యొచ్చా?
(బెంజ్ సర్కిల్, విజయవాడ)

వెయ్యొచ్చు. 2023 నుంచి పోటీలో లేని దేశాలవాళ్లకి కూడా ఆన్‌లైన్‌లో అవకాశం ఇచ్చారు, కార్డుతో కొద్దిగా డబ్బు కట్టాలి. మన ఓట్లన్నీ మిగతా ప్రపంచం ఓట్లతో కలిపి ఒకే దేశం ఓటు కింద లెక్కేస్తారు. అర్ధరాత్రి మేలుకోవడం కుదరకపోతే పాటలన్నీ పోటీవాళ్ల యూట్యూబ్ చానెల్లో ఉంటాయి, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ చూసుకోవచ్చు, అప్పటికి ఓటింగ్ మాత్రం ముగిసిపోయి ఉంటుంది.