సైటేషన్ల లెక్కకు అందేవి, అందనివి

ప్రశ్న: మా అమ్మాయి ఫిజియాలజీలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకుంటోంది. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన హెచ్-ఇండెక్స్ ఎంతో, సైటేషన్లు ఎన్నో చూసుకోమని అందరూ చెబుతున్నారు. శాస్త్రవేత్త గొప్పదనం ఈ అంకెల్లో తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఒక పరిశోధన పత్రాన్ని తరువాతివారు తమ పత్రాల్లో ఎన్నిసార్లు ఉటంకించారన్నదే సైటేషన్ల లెక్క. హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం 20 సార్లు చొప్పున ఉటంకింపు పొందిన పత్రాలు ఒకరికి 20 ఉంటే ఆయన హెచ్-ఇండెక్స్ 20 అవుతుంది. మూడే పత్రాలు రాసినవారికి ఒక్కొక్కదానికి వెయ్యి సైటేషన్లు వచ్చినా ఆ అంకె 3 దాటదు.

ఈ లెక్క దేన్ని పట్టుకుంటుందో, దేన్ని జారవిడుస్తుందో తెలుసుకోవాలంటే, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పత్రాలను చూడమంటాను. ఆయన జీవరసాయన శాస్త్రవేత్తే అయినా, కండరాలపై ఆయన చేసిన పని ఫిజియాలజీకి గుండెకాయ వంటిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పత్రం, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని వివరించింది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి, దానికి తగిన క్షయకరణిని (ఎలక్ట్రాన్లను అందించే రసాయనాన్ని) చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువన్నమాట. ప్రయోగశాలల్లో దశాబ్దాల తరబడి ఈ పద్ధతిని వాడారు, వాడిన ప్రతిసారీ ఉటంకించవలసి వచ్చింది కనుక, అది అత్యధిక సైటేషన్లు పొందిన పత్రాల వరుసలో చేరింది.

అసలు కథ ఆ తరువాతిది. కండరం నుంచి తీసిన ద్రవాన్ని అదే పద్ధతిలో పరీక్షించినప్పుడు నీలిరంగు వెంటనే పూర్తిగా రాకుండా, నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా ముదురుతూ వచ్చింది. పొరపాటు జరిగిందనుకుని పారబోయకుండా ఆ ఆలస్యానికి కారణం వెతికితే, ఆమ్లంలో విడిపోతూ ఫాస్ఫేట్‌ను కొద్దికొద్దిగా వదిలే పదార్థం ఒకటి బయటపడింది. అదే ఫాస్ఫోక్రియేటిన్, కండరానికి అప్పటికప్పుడు శక్తిని సమకూర్చే నిల్వ. 1927లో ప్రచురించిన ఆ ఫలితం, కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి నమ్మకాన్ని కదిలించిన వాటిలో ముఖ్యమైనది. 1929లో ఇదే జంట జీవకణాల్లో శక్తిని అందించే ఏటీపీ అనే పదార్థాన్ని కూడా వేరుచేసింది. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది స్వతంత్రంగా కనుగొన్నారు. ఏటీపీ గురించి ఈనాడు హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు, అందుకే దానిపై రాసేవారెవరూ 1929 నాటి పత్రాన్ని ఉటంకించే పని పెట్టుకోరు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన సత్యానికి సైటేషన్లు ఆగిపోతాయి. కొలిచే పద్ధతికి మాత్రం వస్తూనే ఉంటాయి.

ఇంకొక సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల్లో తాత్కాలికంగా వ్యాధి తగ్గిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం 1948 జూన్‌లో ప్రకటించింది. ఆ పత్ర రచయితల్లో సుబ్బారావు గారి పేరు లేదు. రెండు నెలలకే, ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. ఏ ఇండెక్సూ ఆ పిల్లలకు అందిన మందును ఆయన ఖాతాలో వేయదు.

కాబట్టి మీ అమ్మాయి అంకెను చూడవచ్చు, అయితే ఒకే శాఖలో, ఒకే వయసువారి మధ్యనే పోల్చాలి. ఆ సైటేషన్లు సొంత ప్రయోగాలకు వచ్చాయా, సమీక్షా వ్యాసాలకు వచ్చాయా అన్నది గమనించాలి. అన్నిటికన్నా ముఖ్యం, గత ఐదేళ్ల పత్రాలు తెరిచి, విద్యార్థుల పేర్లు రచయితల వరుసలో మొదట కనిపిస్తున్నాయో లేదో చూడమనండి.

ప్రశ్న: ఒకే శాస్త్రవేత్తకు గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో మరొకటి ఎందుకు ఉంటాయి?
– ఒక పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: రెండూ పరిశోధన పత్రాలను, వాటి సైటేషన్లను వెతికి చూపే ఆన్‌లైన్ వేదికలే. స్కోపస్ ప్రధానంగా తాను ఎంపిక చేసుకున్న పత్రికలు, పుస్తకాలు, సమావేశ పత్రాల నుంచి లెక్కిస్తుంది; స్కాలర్ సిద్ధాంత గ్రంథాలనూ ప్రిప్రింట్లనూ (పత్రికలో సమీక్ష కాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పత్రాలనూ) కూడా కలుపుకుంటుంది కనుక అక్కడ సాధారణంగా ఎక్కువ కనిపిస్తాయి. మన పేర్లతో మరో చిక్కుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరోచోట పొడి అక్షరంగా రాస్తే ఒకే మనిషి పత్రాలు ఇద్దరు ముగ్గురి ఖాతాల్లోకి చెదిరిపోతాయి. మొదటి పత్రం పంపకముందే ఒక రూపాన్ని నిశ్చయించుకుని, ఆర్కిడ్ సంస్థ ఉచితంగా ఇచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్యను తీసుకోండి.