లంక గ్రామంలో క్యాన్సర్ రోగి: నర్సు చేయగలిగింది చాలా ఉంది

ప్రశ్న: బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి, పి.గన్నవరం ప్రాంతంలోని ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కొత్తగా చేరాను. దవడ క్యాన్సర్ ముదిరిన ఒక రైతును, ఇక చేయగలిగిందేమీ లేదని చెప్పి, ఆసుపత్రి వారు మా పరిధిలో, గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామానికి పంపించివేశారు. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్రలు రాసిచ్చారు గాని, అలవాటు పడిపోతారన్న భయంతో ఇంట్లోవాళ్లు నొప్పి భరించలేనప్పుడు మాత్రమే ఇస్తున్నారు. జబ్బు సంగతి ఆయనకు చెప్పవద్దని కొడుకు బతిమాలుతున్నాడు. వారానికి ఒకసారి వెళ్లే నేను ఏం చేయగలను?
– ఒక నర్సు, కోనసీమ

జవాబు: సోదరీ, ముగిసింది జబ్బును నయంచేసే చికిత్స మాత్రమే. నొప్పికి చికిత్స ఆ ఇంట్లో ఇంకా సరిగా మొదలే కాలేదు, దాన్ని మొదలుపెట్టించగల స్థానంలో ఉన్నది మీరే.

సాధారణ మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలే ఉంటుంది కనుక, నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా, డాక్టరు రాసిన మోతాదును వేళ తప్పకుండా ఇవ్వాలి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రాన్ని) స్థాపించిన సిసిలీ సాండర్స్ పట్టుబట్టి నిలిపిన పద్ధతి ఇదే. డాక్టరు కాకముందు ఆమె కూడా నర్సే. క్యాన్సర్ నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో వాడేవారు వ్యసనపరులు కావడం చాలా అరుదని ఇంట్లోవాళ్లకు ఓపికగా, అవసరమైతే ప్రతిసారీ చెప్పండి. తొలి రోజుల మగత, వికారం సాధారణంగా కొద్దిరోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుచేత విరేచనం సాఫీగా కావడానికి మందు మొదటి రోజు నుంచే ఉండాలి. అది చీటీలో లేకపోతే వెంటనే డాక్టరును అడగండి. మింగలేని స్థితి వస్తే సాధారణ మాత్రను పొడిచేసి నీళ్లలో కలిపి ఇవ్వవచ్చు గాని, నెమ్మదిగా పనిచేసే రకాన్ని ఎన్నడూ నలపకూడదు.

నొప్పిని పదికి ఎంత అని అడిగితే చెప్పలేని పెద్దవారు, రూపాయిలో ఎన్ని పైసల వంతు తగ్గిందంటే చక్కగా చెప్తారు. ఆ జవాబును, మాత్ర ఇచ్చిన వేళను కోడలో, మనవరాలో ఒక నోటుపుస్తకంలో రాసేలా నేర్పితే, మీరు లేని ఆరు రోజుల సంగతి డాక్టరుకు ఫోనులోనే చెప్పగలుగుతారు.

జులై, ఆగస్టు నెలల సంగతి ముందే ఆలోచించండి. వరద వచ్చి పడవలు ఆగిపోతే మందు అందదు, మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపితే నొప్పితో పాటు ఇతర బాధలూ మొదలవుతాయి. మార్ఫిన్ మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందే అయినా, 2014లో ఆ చట్టాన్ని సవరించిన తరువాత గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దీన్ని నిల్వ ఉంచి ఇవ్వడం సులువైంది. నది పొంగకముందే, ఎన్ని రోజులకు సరిపడా ఇవ్వగలరో మందు ఇచ్చే సంస్థతో మాట్లాడి పెట్టుకోండి.

దవడ మీది క్యాన్సర్ పుండు వాసన వల్ల ఆయన మనుషులకు దూరంగా పడుకుంటూ ఉంటే, అదీ నొప్పితో సమానమైన బాధే. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చెంచా ఉప్పు కలిపి కడిగి, డాక్టరును అడిగి మెట్రోనిడజోల్ (ఒక యాంటీబయాటిక్) మాత్రల పొడి చల్లితే వాసన బాగా తగ్గుతుంది.

కొడుకు మీద కోపం తెచ్చుకోవద్దు, తండ్రి దిగులు పడతాడన్న ప్రేమే అతని చేత అలా అనిపిస్తోంది. మీరుగా ఏదీ చెప్పబోనని, అయితే ఆయనే అడిగితే అబద్ధం చెప్పలేనని అతనికి స్పష్టంచేయండి. తరువాత ఆయనను, “మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోందండీ?” అని అడిగి ఊరుకోండి. చాలామందికి తెలిసే ఉంటుంది. కౌలు లెక్కలో, పొలం పంపకాలో చెప్పుకోవడానికి ఎవరూ సందివ్వక మౌనంగా ఉంటారు.

చివరి రోజుల్లో ఆకలి పోవడం, ఊపిరి ఆగి ఆగి రావడం, గొంతులో గురక వంటి శబ్దం సహజమని ఇంట్లోవాళ్లకు ముందే వివరించండి. అది తెలియని కుటుంబాలు అర్ధరాత్రి రేవు దాటించి కాకినాడ దాకా తరలిస్తాయి, మనిషి దారిలోనే పోతాడు. ఇంట్లోనే ఉండాలన్నది ఆయన కోరికైతే ఆ మాటను కొడుకు సమక్షంలో నోటుపుస్తకంలో రాయించి, దాని కిందే మీ ఫోన్ నంబరు, మందు రాసిన డాక్టరు నంబరు రాసి ఉంచండి.