సీసం మీద కట్టే తెట్టును వెంటనే తీసి పారేయకండి

మీ ప్రశ్న ఇదీ: పాత వీల్ వెయిట్లు (కారు చక్రం బ్యాలెన్స్ కోసం రిమ్ముకి తగిలించే చిన్న సీసం బరువులు) కరిగించి ఇంట్లో అచ్చులో బుల్లెట్లు పోస్తున్నారు, సీసం మీద బూడిదరంగు తెట్టు కడుతోంది, తీసేకొద్దీ మళ్లీ వస్తోంది, బుల్లెట్లు ముడతలు పడుతున్నాయి, కొవ్వొత్తి ముక్క వేస్తే సరిపోతుందా అని.

నేను టెక్సస్‌లో ఉంటాను. ఇక్కడ సొంత వాడకానికి బుల్లెట్లు పోసుకోవడం మామూలు హాబీయే. ఇండియా నుంచి చదివేవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

మొదట్లో నేనూ మీలాగే గరిటెతో తెట్టు తీస్తూనే ఉండేవాణ్ణి. పైకి వచ్చిందంతా మురికే అనుకున్నా. నాలుగైదు పాట్‌లు (సీసం కరిగించే పాత్ర) పోశాక బుల్లెట్ల అంచులు సరిగ్గా దిగడం మానేశాయి. అప్పుడు మా క్లబ్బులో ఒక పెద్దాయన నేను దాచిన తెట్టు డబ్బా చూసి, "నీ తగరమంతా ఇందులోనే ఉంది కదయ్యా" అన్నాడు. నిజమే. సీసం కంటే తగరం ముందుగా గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. పైన కట్టే ఆ పొరలో తగరం ఆక్సైడ్ బాగా ఉంటుంది. క్లిప్ రకం వీల్ వెయిట్లలో తగరం ఉండేదే అర శాతం దాకా. అచ్చు మూలమూలకీ లోహం పారాలంటే కావలసింది అదే. దాన్ని మనమే తీసి పారేస్తున్నాం! ఇంకో అపోహ కూడా ఉంది, తగరం తేలిక కాబట్టి విడిపోయి పైకి తేలుతుందని. ఒకసారి కలిసిపోయాక అలా విడిపోదు.

ఫ్లక్స్ (కరిగిన లోహాన్ని శుభ్రం చేయడానికి వేసే మైనం, పొట్టు లాంటివి) పని ఇక్కడే. కొవ్వొత్తి మైనం కాలేటప్పుడు దానిలోని కార్బన్, హైడ్రోజన్ ఆ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ని లాక్కుంటాయి, తగరం మళ్లీ లోహంగా మారి సీసంలో కలుస్తుంది. చిన్నప్పుడు మా వీధిలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు నవసాగరం చల్లి దూదితో రుద్దేవాళ్లు గుర్తుందా, లోహం పట్టడానికి అడ్డొచ్చే ఆక్సైడ్‌ని వదిలించడమే అదీ. అలాగని నవసాగరం ఇక్కడ వాడొద్దు, ఆ పొగ పాట్‌నీ తినేస్తుంది, మన గొంతునీ.

కాబట్టి కొవ్వొత్తి పనిచేస్తుంది, కానీ దానితోనే ఆగితే మట్టి, తుప్పు పోవు. నేను మొదట రంపపు పొట్టు వాడతాను. కరిగిన సీసం మీద ఒక గుప్పెడు పరిచి కదపకుండా వదిలేస్తా. అది పొగచూరి నల్లటి బొగ్గయ్యాకే పొడి కర్రతో కలుపుతా, పాట్ గోడలు, అడుగు గీకుతూ. మురికి తేలికే అయినా గోడకి అంటుకుని లోహం కిందే ఉండిపోతుంది, గీకితేనే పైకొస్తుంది. ఆ బొగ్గులో చిక్కుకున్న మురికిని తీసేశాక శనగగింజంత మైనం వేసి, పొగ లేవగానే అగ్గిపుల్లతో అంటిస్తా. మంటగా కాలితే పొగ తగ్గుతుంది. సెంటు కొవ్వొత్తి మాత్రం వద్దు, ఒకసారి వేశాను, గ్యారేజీలో వారం రోజులు వెనిలా వాసనే.

పొట్టు పచ్చిగా ఉన్నప్పుడు అడుక్కి నెట్టడం ప్రమాదం. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. ఒకసారి వానలో తడిసిన బకెట్ నుంచి వెయిట్లు తీసి వేడి పాట్‌లో వేశాను. టప్ మని పేలి సీసం కప్పుకెగిరింది. ముఖానికి షీల్డు ఉంది కాబట్టి బతికిపోయా. తడి అనుమానం ఉన్నవి చల్లటి పాట్‌లోనే పేర్చి, తర్వాతే స్విచ్ వేయండి.

ఇక మీ వెయిట్లలో జింకువి కలిశాయేమో చూసుకోండి. వాటిమీద చాలాసార్లు "జెడ్‌ఎన్" గుర్తు ఉంటుంది. జింకు 419 డిగ్రీల సెల్సియస్‌కి గానీ కరగదు, సీసం 327కే కరుగుతుంది. 370 దాటకుండా ఉంచితే జింకువి ముక్కలుగానే పైన తేలతాయి, ఏరేయొచ్చు. కరిగి కలిసిందా, లోహం అటుకుల జావలా చిక్కబడుతుంది, మైనం ఎంత వేసినా బాగుపడదు.

ముడతల సంగతి మాత్రం ఫ్లక్స్ ఒక్కదాని మీదే పెట్టకండి. అచ్చు చల్లగా ఉన్నా, దానిలో నూనె ఉన్నా ముడతలే వస్తాయి. మొదటి పది పదిహేను బుల్లెట్లు ఎలాగూ తిరిగి పాట్‌లోకే. అప్పటికీ పోకపోతే రెండు శాతం తగరం కలిపి చూడండి.

తీసిన తెట్టు పొడి గురించి ఎక్కువ టెన్షన్ పెట్టుకోవాలి. ఈ వేడిలో సీసం ఆవిరి చాలా తక్కువ, ఆ పొడి చేతుల ద్వారా నోట్లోకి పోవడమే అసలు భయం. మూత ఉన్న రేకు డబ్బాలో వేసి ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేస్తాను. బట్టలు విడిగా ఉతుకుతాం, గ్యారేజీలోకి పిల్లల్ని రానివ్వను, నేను ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటాను.