ఒకరు చదవగా ఇంటిల్లిపాదీ వినడం

ప్రశ్న: మాది కడప. మా వారు బట్టల దుకాణంలో లెక్కలు రాస్తారు. రాత్రి తొమ్మిదికి గాని ఇల్లు చేరరు. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి, ఇద్దరిదీ ఇంగ్లీషు మీడియం. మా అత్తగారికి చదువు రాదు. పిల్లల కోసమని రెండేళ్లుగా కొన్న తెలుగు కథల పుస్తకాలు బీరువాలో నలగకుండా ఉన్నాయి. భోజనాలయ్యాక ఎవరి ఫోను వారిది. రోజుకొక పేజీ చదవాలని నియమం పెడితే నాలుగు రోజులకే బాబు ఏడుపు, పాప అలక. మా వంటి ఇంట్లో అందరం కలిసి చదువుకోవడం సాధ్యమేనా?
– ఒక గృహిణి, కడప

జవాబు: సాధ్యమేనమ్మా. అయితే ముందు ఆ నియమాన్ని ఎత్తివేయండి. తెలుగును ఇంకా కూడబలుక్కుంటున్న పిల్లవాడికి రోజుకొక పేజీ అంటే, బడిపని ఇంటిదాకా వెంటపడి వచ్చినట్టే ఉంటుంది. కథలో తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం కంటె, ఏ ఒత్తు దగ్గర తప్పుతానో అన్న భయమే వాడిని పట్టుకుంటుంది. ప్రస్తుతానికి మీ ఇంట్లో చదవవలసింది మీరొక్కరే. మిగిలినవారు వింటే చాలు.

వినడాన్ని తక్కువ రకం చదువుగా భావించకండి. మన పల్లెల్లో రామాలయం అరుగు మీద ఒకరు భారతమో రామాయణమో చదువుతూ ఉంటే, అక్షరం ముక్క రానివారు సైతం పొద్దుపోయేదాకా కూర్చుని విని, మర్నాడు చేనిలో కలుపు తీస్తూ ఆ ఘట్టంలో ఎవరిది న్యాయమో వాదించుకునేవారు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించే వరకూ, ఆ పద్యాలను తాటాకులతో పాటు జనం నోరూ చెవీ కాపాడుతూ వచ్చాయి. మన గోపవరం కవయిత్రిగా చెప్పుకొనే మొల్ల, తేనె తగలగానే నోరు తీయనైనట్టు పద్యం వినగానే అర్థం తోచాలని తన రామాయణం మొదట్లోనే చెప్పుకున్నది. ఇంట్లో పైకి చదవదగిన పుస్తకాన్ని ఎంచడానికి ఇంతకంటె మంచి కొలత నాకు తెలియదు. మీ బీరువాలో ఉన్న ఒక్కొక్క పుస్తకం మొదటి పేజీని, పగలు మీరొక్కరే ఉన్నప్పుడు గొంతెత్తి చదివి చూడండి. మీ నాలుకకు అడ్డుపడిన వాక్యం పిల్లల చెవికీ అడ్డుపడుతుంది. అటువంటి పుస్తకాన్ని, ఎంత పెట్టి కొన్నదైనా, పక్కన పెట్టండి.

మీ అత్తగారి సంగతి ఒక్క వాక్యంలో, అదీ ఒక లోటుగా రాశారు. నేను మాత్రం ఆమెనే మీ ఇంటి చదువుకు మూలధనం అనుకుంటున్నాను. మా చిన్నతనంలో నాన్న కథ చదువుతూ ఉంటే మా జేజి (నాన్నమ్మ) మధ్యలో అడ్డు తగిలి, ‘మా పుట్టినూర్లో గూడ ఇట్లాంటి బాయే ఉన్నింది’ అని మొదలుపెట్టేది. నాన్న పుస్తకంలో వేలు పెట్టుకుని ఆగేవాడు. 1952 కరువులో పెట్టిన గంజి కేంద్రాల ముందు ఆమె చెంబు పట్టుకుని వరుసలో నిలబడ్డ సంగతి నాకు తెలిసింది అటువంటి ఒక అడ్డంకి వల్లనే. మీ అత్తగారు మాట కలిపితే కథ పాడవుతున్నదని ఆపకండి. పిల్లలు ఆమె వైపు తిరిగి కూర్చున్నారంటే ఆ రాత్రికి పుస్తకం తన పని చేసినట్టే. కేతు విశ్వనాథరెడ్డి గారి కథల్లో మన జిల్లా మనుషులూ వారి మాట తీరూ ఉంటాయి. అవి పాపకు కొంత బరువైనవే అయినా, జేజి పక్కన కూర్చుని వింటే ఎన్నో సంగతులు ఆమే విడమరచి చెబుతుంది.

పాప అలక తీరాలంటే ఆమెకు నచ్చిన ఇంగ్లీషు పుస్తకానికీ చోటివ్వండి. వారానికొక రాత్రి అందులోని కథను ఆమె జేజికి తెలుగులో చెప్పాలి. చెప్పబోతే మాట దొరకదు. దొరకని మాటను జేజి అందిస్తుంది. మీరు పేజీల లెక్కతో నేర్పాలనుకున్న తెలుగు అక్కడ తనంతట తానే వస్తుంది.

పావుగంట మించవద్దు. మీ వారి భోజనమయ్యాక, మీ ఫోనుతో సహా అన్ని ఫోన్లూ ఒక పళ్లెంలో పెట్టి మొదలుపెట్టండి. కథ రసపట్టులో ఉండగా ఆపండి. నీతి ఏమిటని దయచేసి అడగకండి. మీ వారిని మొదట్లో చదవమనకండి. పగలంతా అంకెలు చూసి వచ్చిన మనిషి, వింటూ కునుకు తీసినా తప్పు లేదు. పది రోజుల తర్వాత గొంతు అలసిందని చెప్పి పుస్తకం ఆయన చేతికివ్వండి.

బీరువాలోవి అయిపోతే కొత్తవి కొనవలసిన పని లేదు. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పిల్లల పేర్లతో సభ్యత్వం తీసుకుని, పుస్తకం ఎంపిక వారికే వదలండి. ఒక ఆదివారం, బ్రౌన్ బంగళా ఉండిన చోట వెలసిన ఆయన పేరిటి గ్రంథాలయానికి జేజిని కూడా తీసుకుని వెళ్లండి.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఐదేళ్ల మా పాప ఫోనులో ‘తిన్నావా, బడికి పోయినావా’ అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి పరుగెత్తిపోతుంది. దూరాన ఉన్న తండ్రి కూడా పుస్తకంలో పాలుపంచుకోగలడా?
– ఒక తల్లి, రాజంపేట

జవాబు: తప్పక పంచుకోగలడు. ఒకే బొమ్మల పుస్తకం రెండు ప్రతులు కొని, ఊరి నుంచి కువైట్ వెళ్లేవారి చేతికి ఒకటి ఇచ్చి పంపండి. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనక. ఇక్కడ పాప ఎనిమిదిన్నరకు పడుకునే వేళ అక్కడ సాయంత్రం ఆరు. ఆ వేళకు ఆయన బండి మీద ఉంటే, తీరిక దొరికినప్పుడు రెండేసి పేజీలు చదివి గొంతు రికార్డు చేసి పంపమనండి. పేజీ తిప్పవలసిన చోట ‘తిప్పు తల్లీ’ అని అనమనండి. పాప తన ప్రతిలో తిప్పుతుంది. తర్వాత ఫోను చేసినప్పుడు ఆ బొమ్మలోని కుక్క ఎక్కడికి పోయిందని ఆయన అడగాలి. ఆ జవాబు పాప చెప్పేదాకా మీరు పక్క నుంచి అందించకండి.