సన్నాయి మేళం వీడియో యూట్యూబ్‌లో పెట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి సన్నాయి మేళం మాట్లాడుకుని, వారు అడిగినంత పారితోషికం ఇచ్చాము. పెళ్లి వీడియోలోంచి వారి వాద్యాన్ని గంటసేపు విడిగా తీసి యూట్యూబ్‌లో పెట్టాను. దానిపై ప్రకటనల ఆదాయం కూడా వస్తోంది. అనుమతి లేకుండా పెట్టారని, వెంటనే తీసేయమని నాదస్వర విద్వాంసుడు అంటున్నారు. డబ్బిచ్చిందీ, వీడియో తీయించిందీ నేనే అయినప్పుడు ఆయన అభ్యంతరం చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. మీరిచ్చిన పారితోషికం ఆ రోజు మండపంలో వాయించినందుకే గాని, ఆ వాద్యాన్ని లోకమంతటికీ వినిపించే హక్కుకు కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం ప్రత్యక్షంగా వాయించిన కళాకారుడికి ఆ ప్రదర్శనపై ప్రత్యేక హక్కు ఉంటుంది; ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 50 ఏళ్లపాటు అది నిలుస్తుంది. దానిని రికార్డు చేయడానికైనా, ప్రజలకు అందుబాటులో ఉంచడానికైనా అనుమతి ఇవ్వవలసింది కళాకారుడేనని 2012 సవరణతో వచ్చిన 38ఎ సెక్షన్ చెబుతోంది. వేరే ఒప్పందం లేనప్పుడు, సొమ్మిచ్చి తీయించుకున్న వీడియోకు తొలి యజమాని మీరేనన్నది నిజమే. అయితే అది మీకూ వీడియోగ్రాఫర్‌కూ మధ్య సంగతి, దానివల్ల మేళం వారి హక్కు పోదు.

ఇంట్లో చూసుకోవడానికి రికార్డు చేసుకుంటే 39వ సెక్షన్ కింద తప్పు లేదు. మీరు గీత దాటింది యూట్యూబ్‌లో పెట్టినప్పుడు. పెళ్లి వేడుకలకు 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది కదా అని చాలామంది అడుగుతారు గాని, అది వేడుక జరుగుతుండగా పాటలు వినిపించడానికి పాట హక్కుదారుల అనుమతి అక్కరలేదనే మినహాయింపు మాత్రమే. ఇక మేళం వాయించిన పాటల సంగతికొస్తే, త్యాగరాజ కీర్తనలపై నేడు ఎవరికీ కాపీరైట్ లేదు. అదే గంటలో సినిమా పాట ఉంటే దాని హక్కుదారుల అనుమతి విడిగా కావాలి.

ఈ హక్కును తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభాపేక్ష లేని సందర్భంలో శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది గాని, ప్రకటనల ఆదాయం తీసుకుంటున్న మీరు ఆ మాట చెప్పుకోవడం కష్టం.

కాబట్టి ముందు ఆ వీడియోను ఎవరికీ కనబడకుండా చేసి, ఆయన ఇంటికి వెళ్లి మాట్లాడండి. నోటీసుల దాకా వెళ్లవలసిన తగవు కాదిది. తన విద్యతో మరొకరికి ఆదాయం వస్తుంటే అడగడం ఆయనకు న్యాయమే. ఆయన ఒప్పుకుంటే రాతపూర్వక ఒప్పందం చేసుకుని, ఆదాయంలో ఎవరి వాటా ఎంతో, ఎన్నేళ్లకో, ఏ దేశాలకో అందులో స్పష్టంగా రాయించండి; కాలపరిమితి రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ ఐదేళ్లకే పరిమితమవుతుంది. డోలు వాయించినవారికీ, తాళం వేసినవారికీ అదే హక్కు ఉంది గనుక మేళం పెద్ద ఒక్కరి సంతకంతో సరిపెట్టక అందరి సంతకాలూ తీసుకోండి, వీడియో కింద అందరి పేర్లూ వేయండి. కళాకారుడిగా తన పేరు చెప్పాలని కోరే హక్కును 38బి సెక్షన్ వారిలో ప్రతి ఒక్కరికీ ఇచ్చింది.