అడవినాభి పెంచబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

ఉదయగిరి కొండ కింద అడవినాభి తీగ చూశావంట, దాని దుంప తవ్వుకొచ్చి కంచె పక్కన నాటతానంటున్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన పిల్లల్లో ఆగి తుప్పల్లోకి తొంగిచూసేది నువ్వొక్కదానివే, ఎంత సంతోషమేసిందో! కానీ ఇంట్లో ఇప్పుడిప్పుడే నడుస్తున్న పిల్లోడున్నాడు కదా, అది గుర్తొచ్చి రాత్రంతా టెన్షనే.

నీళ్ళు నిలవని నేల, పాకడానికి ఇంత కంప ఉంటే చాలు. ఆకు కొనతోనే పట్టుకుని పైకి పోతుంది.

అసలు భయం దుంపతోనే. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడ చేనిగట్టున దొరికిన ఈ దుంపల్ని గెణుసుగడ్డలనుకుని ఉడకేసింది. ఉడికిస్తే విషం పోతుందనుకునేవు, పోదు. చేదుగా ఉందని ఒక్క ముక్కతో ఆపింది కాబట్టి సరిపోయింది. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు, గొంతు మంట. బండి కట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికొచ్చింది, గండం గడిచిందనుకున్నాం. పదిరోజులు దాటాక మా అమ్మ ఆమెకు తల దువ్వబోతే జుట్టు పాయలు పాయలుగా దువ్వెనతో పాటే ఊడొచ్చింది. ఆమె ఏమీ అనలేదు, కొంగు తలమీదికి లాక్కుంది. తర్వాత మొలిచింది లే, కానీ ఆ దువ్వెన నాకింకా కళ్ళలోనే ఉంది. అదంతా కాల్చిసిన్ అనే విషం పని. కొలిచి ఇస్తే అదే గౌట్ అనే కీళ్ళ నొప్పులకు మందు, అందుకే తమిళనాడులో ధారాపురం వైపు గింజల కోసం పొలాల్లో వేస్తారు. ఆ కొలత మనకేం తెలుసు? ఆకు, గింజ, దుంప, ఏదీ నోట్లో పెట్టేది కాదు.

ఇంకోటి, కొండ దగ్గర తవ్వొద్దు. ఏటా తీగ ఎండిపోయినా దుంప లోపల బతికుండి వానలకు మళ్ళీ లేస్తుంది. నువ్వు తవ్వేస్తే అక్కడ ఆ పువ్వు ఉండదు. ఎండిన కాయ ఒకటి తెచ్చి గింజలు వెయ్యి. పూతకు ఏళ్ళు పడుతుంది, పట్టనీ, ఈలోపు పిల్లోడికీ మాట తెలుస్తుంది. అప్పటిదాకా కుండీ మిద్దెమీద, తలుపుకు గడియ. పూసినప్పుడు చూడు, ఆరు రేకులూ వెనక్కి తిరిగి మంటలా లేస్తాయి, మొదట్లో కింద పసుపు, పైన ఎరుపు, వాడేలోపు అంతా ఎరుపే.

వాడు ఏ కొంచెం నమిలాడని అనుమానమొచ్చినా, వాంతి అయ్యేదాకా చూడొద్దు తల్లీ. తీగ ముక్క చేతబట్టుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తు. మీ ఆయనకు కూడా చెప్పి పెట్టు.

పెద్దమ్మ