ప్రచురణకర్త దగ్గర మగ్గిపోతున్న కథను వెనక్కి తీసుకోవచ్చా?

నమస్కారమండీ. పిల్లల బొమ్మల పుస్తకానికి రాసిన కథపై రెండేళ్ల క్రితం ఒప్పందం చేసుకున్నా పుస్తకం రాలేదని, దాన్ని వేరేవాళ్లకు ఇవ్వవచ్చా అని అడిగారు. ఇష్టపడి రాసిన కథ ఎవరి సొరుగులోనో పడి ఉంటే ఎంత బాధో నాకు తెలుసు. ఇక రాయడమే మానేస్తాననే మాట మాత్రం అనకండి.

ముందు ఒప్పందం తీసి చూడండి. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాయించుకున్నవారు ఏడాదిలోగా వాటిని వినియోగించకపోతే ఆ బదలాయింపు రద్దయినట్లే. ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే మాత్రం అదే చెల్లుతుంది. అందుకే గడువు గురించిన వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. రెండో కథ కూడా ఇస్తానని వాళ్లకు ఫోనులో మాటిచ్చానన్నారు, దాని గురించి బెంగ వద్దు. రాతపూర్వకంగా సంతకం లేనిదే హక్కుల బదలాయింపు చెల్లదు.

బొమ్మలు ఆలస్యమై పుస్తకాలు ఆగడం ఈ రంగంలో మామూలే కాబట్టి, మొదట మర్యాదగా కారణం అడగండి. జవాబు రాకపోతే ఒప్పందం తేదీ, సెక్షన్ పేర్కొంటూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి, నకలు దాచుకోండి. వాళ్లు గీయించిన బొమ్మలు మాత్రం మీవి కావు, కథను ఒక్కదాన్నే కొత్తవారికి ఇవ్వండి. గడువు వాక్యం ఇక్కడ రాస్తే ఉత్తరం ముసాయిదా నేను తయారుచేసి ఇస్తాను.